సిమిలిపాల్‌కి బస్సు మాట్లాడే ముందు



కాస్త పొడుగు పోస్టు. ఓపిక చేసుకుని చదవండి. వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు రాస్తే మధ్యలో ఎవరిదో పుట్టినరోజు వస్తుంది, కేకు బొమ్మలు పడతాయి, మాట అడుక్కి పోతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాం. "రాస్తున్నాం" అని ఎందుకంటున్నామంటే ఇది ఒక్కరి గొడవ కాదు. మేము ఏడుగురం. అందులో ఇద్దరం పాత కార్యవర్గాల్లో పనిచేసినవాళ్లమే. పేర్లు దాచుకోవాలని కాదు. పేర్లు చూడగానే "ఓహో, ఆ బ్యాచ్చా" అని చదవడం మానేసేవాళ్లున్నారు. ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఎలాగూ లేచి నిలబడతాం, అప్పుడు చూద్దురు గాని.

సంగతి మీకు తెలిసిందే. ఈ ఏడాది కార్తిక వనభోజనాలు సిమిలిపాల్లో పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం సిమిలిపాల్‌ని జాతీయ పార్కుగా ప్రకటించింది. మన రాష్ట్రానికి భితరకనిక తర్వాత ఇది రెండోది. భితరకనిక అంటే మడ అడవులు, మొసళ్లు. కొండల్లో ఉన్న జాతీయ పార్కు అంటే మనకు సిమిలిపాల్ ఒక్కటే. 845.70 చదరపు కిలోమీటర్లు. పేపర్లో ఆ వార్త పడిన రోజు నుంచే మనవాళ్లలో ఉత్సాహం మొదలైంది. ఉత్సాహాన్ని మేము తప్పుపట్టడం లేదు. మాకూ చూడాలనే ఉంది.

గొడవంతా ప్లానుతో. గ్రూపులో పెట్టిన ఆ కాగితం మరోసారి తెరిచి చూడండి. రెండు బస్సులు, తొంభై మంది. వంటవాళ్లు ఇద్దరు, సహాయకులు నలుగురు. గ్యాసు సిలిండర్లు, గుండిగలు, జనరేటరు, సౌండ్ బాక్సులు, హౌసీ, అంత్యాక్షరి, పిల్లలకు పరుగుపందెం. మెనూ ఒక్కటే పేజీన్నర ఉంది. పులిహోర, బూరెలు, పనసపొట్టు కూర, కంద బచ్చలి, దప్పళం, పెరుగు వడ. చదువుతుంటేనే నోరూరింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత చివర్లో ఒక్క లైను: "వీలైతే సఫారీ."

ఆ "వీలైతే" దగ్గరే మాకు కాలింది.

బరంపురం నుంచి బారిపదకి రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. రాత్రంతా బస్సులో కూర్చోబెట్టి, మోకాళ్ల నొప్పుల పిన్నిగార్లని, బాబాయిగార్లని పొద్దున్నే అడవి గేటు దగ్గర దింపి, అక్కడ వంట మొదలుపెడతారట. లోపలికి వెళ్లడానికి రెండు దారులు: బారిపద వైపు పీఠాబటా, జశిపూర్ వైపు కలియాణి. రెండు చోట్లా రోజుకు ఇన్ని బండ్లే అని లెక్క ఉంటుంది, పొద్దున పూటే లోపలికి వదులుతారు. లోపలి దారుల్లో మన బస్సులు పోవు, జీపులే. అడవిలో పొయ్యి వెలిగించకూడదు. మైకు పెట్టకూడదు. ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. ఇవేవీ రహస్యాలు కావు, ఐదు నిమిషాలు వెతికితే తెలిసేవి. ప్లాను రాసినవాళ్లకి తెలియదని కూడా మేము అనుకోవడం లేదు. అడిగితే వచ్చిన జవాబు ఇది: "అక్కడ మనకు తెలిసినాయన ఉన్నారు, మేనేజ్ చేద్దాం."

మేనేజ్ చేయడం అంటే ఏమిటో అందరికీ తెలుసు. గేటు దగ్గర నిలబడ్డ చిన్న ఉద్యోగికి పైనుంచి ఫోన్ చేయించడం. అతను తలుపు తీయకపోతే అతని మీద మాట పడుతుంది, తీస్తే రేపు అతని ఉద్యోగం మీదికి వస్తుంది. మన బూరెల కోసం ఆ మనిషిని ఇరకాటంలో పెట్టాలా? 2023లో, నెల తేడాతో, సిమిలిపాల్లో ఇద్దరు అటవీ సిబ్బంది వేటగాళ్ల తుపాకులకు బలయ్యారు. రాత్రిపూట గస్తీ తిరుగుతూ పోయారు. అలాంటి చోట కాపలా ఉన్నవాళ్లకి ఫోన్ చేయించి "మనవాళ్లు వస్తున్నారు, కాస్త చూసీ చూడనట్టు పోండి" అని చెప్పించడం మనకు సిగ్గు కాదా?

సరే, నిబంధనల సంగతి అక్కడితో వదిలేద్దాం. మా అసలు కోపం నిబంధనల గురించి కాదు. పోయిన కార్తికం గురించి.

పోయిన ఏడాది మహేంద్రగిరి అడుగుకి వెళ్లాం, గుర్తుందిగా. ఫోటోలు ఇంకా సంఘం పేజీలో ఉన్నాయి. మహేంద్రగిరి మనకు పరాయి కొండ కాదు. 1992లో గజపతి జిల్లా విడిపోక ముందు మన గంజాంలోదే. 1,501 మీటర్ల ఎత్తు. పైన కుంతి పేరున, ధర్మరాజు పేరున, భీముడి పేరున రాతి గుళ్లు. పరశురాముడు ఇప్పటికీ అక్కడే తపస్సులో ఉన్నాడని మన అమ్మమ్మలు చెప్పేవారు. కళింగనగరం నుంచి ఏలిన గాంగరాజులు మా కులదైవం అని తామ్రశాసనాల్లో రాయించుకున్న గోకర్ణేశ్వరుడు ఉన్నది ఈ కొండ మీదే. అక్కడ పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లాలోకి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ ఒడిశాలో, ఏటి చివర ఆంధ్రలో. మనలాగే.

మనం కొండ ఎక్కలేదు. బస్సులు పోయినంత దూరం పోయి, ఒక గెడ్డ పక్కన చెట్ల కింద దిగాం. పొయ్యిలు పెట్టాం. బాక్సులు పెట్టాం. ఉసిరి చెట్టు దొరక్కపోతే బరంపురం నుంచి తెచ్చిన ఉసిరి కొమ్మ ఒకటి మట్టిలో గుచ్చి పూజ చేశాం. అందులో తప్పేం లేదు, ముచ్చటగానే ఉంది. తిన్నాం. విస్తరాకులు చాలక చివరి పంక్తికి థర్మోకోల్ ప్లేట్లు తీశాం. రెండు గంటలవేళ వంటవాళ్లు గుండిగలు రెండూ గెడ్డలోకి దించి సబ్బుపొడి వేసి తోమడం మొదలుపెట్టారు. దప్పళం జిడ్డు, అన్నం మాడు, నురగ, అన్నీ నీళ్లలో కలిసి కిందికి పోతున్నాయి.

అప్పుడు దిగువ నుంచి ఒక సవర ఆవిడ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో బిందె. కాస్త దూరంలో నిలబడి ఏదో చెప్పింది. ఆవిడ మాట మనలో ఎవ్వరికీ అర్థం కాలేదు. "ఆకలేస్తోందేమో, పెట్టండర్రా" అన్నారు ఒకరు. విస్తట్లో పులిహోర పెట్టి ఇవ్వబోయారు. తీసుకోలేదు. మళ్లీ అదే మాట చెప్పింది, చెయ్యి కిందికి చూపించింది. ఒకాయన ఒడియాలో గట్టిగా అడిగాడు. ఇంకొకాయన తెలుగులో ఇంకా గట్టిగా అడిగాడు. గట్టిగా అంటే అర్థమైపోతుందని మన నమ్మకం. ఎవరో ఇరవై రూపాయల నోటు తీశారు. ఆవిడ నోటు వైపు చూసి, గుండిగల వైపు చూసి, పిల్లని సర్దుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం తిరుగుదారిలో, దారి చూపించడానికి మనతో వచ్చిన కోయిన్‌పూర్ కుర్రాడిని మాలో ఒకరు అడిగారు, ఆవిడ ఏమంది అని. వాడికి సవర వచ్చు. అప్పుడు దూరంగా ఉన్నాడట గాని వినపడిందట. "కిందన మా చెలమ ఉంది, తాగే నీళ్లు. కాస్త కిందికి వెళ్లి తోముకోండి అన్నాది" అన్నాడు. అంతే. వెళ్లిపొమ్మనలేదు. తోమొద్దని కూడా అనలేదు. చెలమ దాటాక తోముకోమంది.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా అంటే, "మీరు నన్ను అడగలేదు కదండీ" అన్నాడు.

బస్సులో ఒక రెండు నిమిషాలు మాట లేదు. తర్వాత అంత్యాక్షరి మొదలైంది. మేమూ ఆ బస్సులోనే ఉన్నాం. మేమూ పాడాం. అందుకే ఈ పోస్టులో "మీరు" అని ఎక్కడా వేలు చూపించడం లేదు. గుండిగలు మనవి, తోమించింది మనం.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. మన సంఘం ఎందుకు పుట్టింది? మన మాట వినేవాళ్లు లేరనే కదా! 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలోంచి గీత గీసి గంజాంని కొత్త రాష్ట్రంలో కలిపితే, ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మన భాష మాత్రం ఒక్క రోజులో మైనారిటీ అయిపోయింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా మన వినతిపత్రాలన్నీ తిరగేయండి. కాగితాలు మాకు అర్థమయ్యే భాషలో ఇవ్వండి. మా పిల్లల బడికి తెలుగు టీచర్ని వేయండి. కౌంటర్లో మేము చెప్పేది కాస్త వినండి. అన్నింట్లోనూ ఉన్నది ఒక్కటే ఫిర్యాదు: మేము ఒకటి చెప్తే మీరు ఇంకొకటి విని, చేతిలో ఏదో పెట్టి పంపేస్తున్నారు అని. ఆ గెడ్డ ఒడ్డున మనం చేసింది అక్షరాలా అదే.

ఇంకో మాట. మొన్ననే ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫోటోకి దండ వేశాం. మాతృభాషా దినోత్సవం అన్నాం. ఉపన్యాసాలన్నీ వ్యావహారిక భాష గురించే. బాగుంది. కానీ ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ చేసిన మొదటి పని తెలుగు ఉద్యమం కాదు. సవర నేర్చుకున్నారు. కొండ దిగి సంతకి వచ్చేవాళ్ల మాట తనకు అర్థం కావడం లేదని ఆయనకి కుదురు లేకుండా పోయింది. సవరభాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలు ఎక్కి తిరిగారు. వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేశారు, బడులు పెట్టించారు. సవర భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టుకుంది. మలేరియాకి వాడిన క్వినైనుతో చెవుడు వచ్చింది. ఎదుటివాళ్ల మాట వినడం కోసం వినికిడి పోగొట్టుకున్న మనిషండీ ఆయన. మనం చెవులు రెండూ బాగానే ఉండి, సౌండ్ బాక్సులు పెట్టుకుని వెళ్లాం.

(1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ సంగతి మన ఉపన్యాసాల్లో ప్రతి ఏడూ వస్తుంది, చప్పట్లూ పడతాయి. సవర సంగతి మాత్రం "గిరిజనులకు కూడా సేవ చేశారు" అన్న ఒక్క ముక్కలో అయిపోతుంది. ఈసారి ఆగస్టులో ఎవరైనా దాని మీద అరగంట మాట్లాడితే బాగుండును.)

ఇప్పుడు సిమిలిపాల్‌కి వద్దాం. "మహేంద్రగిరి దగ్గర పొరపాటు జరిగింది, దానికీ దీనికీ ఏం సంబంధం" అని కోశాధికారిగారు అన్నారట. సంబంధం ఉంది. ప్లాను మారలేదు. పోయిన ఏటి కాగితంలో ఊరి పేరు కొట్టేసి సిమిలిపాల్ అని రాశారు. అవే గుండిగలు, అవే బాక్సులు. గెడ్డ మాత్రం వేరేది.

ఆ కొండల్లో ఎవరున్నారో మనకు తెలుసా? సంతాల్, హో, భూమిజ్, బథుడి, ఖడియా, మాంకిడియా. అడవి తీగ నారతో తాళ్లు పేనే మాంకిడియాల గురించి, తేనె తీసే ఖడియాల గురించి మన పిల్లలు స్కూలు పుస్తకంలో చదివి ఉంటారేమో గాని మనం ఎప్పుడూ పట్టించుకోలేదు. పులికి ప్రశాంతత కావాలని చెప్పి లోపలి ఊళ్లను కొన్నింటిని బయటికి తరలించారు. ఆ తరలింపు న్యాయమా అన్యాయమా అంటే మా ఏడుగురిలోనే ఏకాభిప్రాయం లేదు, మొన్న ఆ విషయం మీద మేము పోట్లాడుకున్నాం కూడా. కానీ ఒక్క విషయంలో అందరం ఒకటే. పుట్టి పెరిగినవాళ్లని "మీ అలికిడి పులికి ఇబ్బంది" అని పంపించిన చోటికి, నాలుగు వందల కిలోమీటర్ల నుంచి జనరేటరు మోసుకెళ్లి హౌసీ నంబర్లు మైకులో పిలవడం ఎక్కడి మర్యాద?

పిల్లలకి నల్లపులిని చూపిస్తామని చెప్పి పేర్లు రాయించుకుంటున్నారని కూడా విన్నాం. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. 2023-24లో మన రాష్ట్ర ప్రభుత్వం చేసిన లెక్కలో సిమిలిపాల్లో పెద్ద పులులు 27. అందులో 13 నల్లచారల ఒళ్లువి. ప్రపంచంలో అడవిలో తిరిగే నల్లపులులు ఉన్నది అక్కడే. అవి నల్లగా ఎందుకున్నాయో 2021లో బెంగళూరు శాస్త్రవేత్తలు తేల్చారు, ఒక జన్యువులో వచ్చిన మార్పు. కొద్ది పులులు, బయటి పులులతో కలయిక లేదు, లోలోపలే సంబంధాలు కలుపుకోవడంతో ఆ మార్పు పెరిగిపోయింది. మనకి చూడముచ్చటైనది వాటికి మాత్రం ఒంటరితనం. అందుకే 2024లో మహారాష్ట్ర తాడోబా నుంచి జమున, జీనత్ అని రెండు ఆడపులుల్ని తెచ్చారు. జీనత్ అయితే అడవి దాటి జార్ఖండ్ మీదుగా బెంగాల్లో బాంకుడా దాకా వెళ్లిపోయింది. డిసెంబరు నెలాఖరుకి పట్టుకుని తిరిగి తేవాల్సి వచ్చింది. కొత్త కోడలు ఇంట్లో కుదురుకోవడానికి ఎంత నిశ్శబ్దం కావాలో మనకు చెప్పాలా! అసలు అక్కడ నెలల తరబడి పనిచేసేవాళ్లకే పులి కనిపించడం అరుదు. తొంభై మందిమి వెళ్తే కనిపించేది మనకు మనమే.

మంట గురించి ఇంకో మాట. "గ్యాసు పొయ్యే కదా, కట్టెలు కాదు కదా" అంటున్నారు. 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో సిమిలిపాల్ రోజుల తరబడి తగలబడింది, టీవీల్లో చూశాం. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ చాలు. కార్తికంలో అంత ఎండ ఉండదు, నిజమే. కానీ మహేంద్రగిరి అడుగున మన పొయ్యిల్లో బూడిద ఆర్పామో లేదో మాలో ఎవరికీ గుర్తు లేదు. అడిగితే ప్రతివాళ్లూ "వంటవాళ్లు ఆర్పి ఉంటారు" అన్నారు.

మా మాటలకి వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటికి విలువ లేదు. డబ్బులు కట్టి వెళ్తున్నాం అన్నది ఒకటి. గుళ్లో టికెట్టు కొన్నంత మాత్రాన గర్భగుడిలో చెప్పులేసుకుని తిరుగుతామా? మనం వెళ్లకపోతే ఇంకొకళ్లు వెళ్తారు అన్నది ఇంకొకటి, అది చిన్నపిల్లల మాట. ఇదంతా వచ్చే ఎన్నికల్లో కార్యవర్గాన్ని దింపడానికి అన్నారు. మాలో ఎవరూ పోటీ చేయడం లేదు, కావాలంటే రాసిస్తాం. ఆచారం అన్నది మాత్రం కాస్త ఆలోచించాల్సిన మాట. కార్తికంలో ఉసిరి నీడన తినడం మన పెద్దలు పెట్టిన ఆచారమే. కానీ ఆ పెద్దలు జాతీయ పార్కు వెతుక్కుంటూ పోలేదు. ఊరి బయట తోటకి నడిచి వెళ్లారు. ఉసిరి ఉన్న చోటికి పోయారు, ఆకులో తిన్నారు, ఆకు ఆవుకి పెట్టారు. మన గంజాంలో మామిడి తోటలు లేవా? కొబ్బరి తోటలు లేవా? మన సభ్యుల్లోనే నలుగురైదుగురికి గోపాల్‌పూర్ దారిలో, ఛత్రపురం వైపు తోటలున్నాయి. మొగలి పొదల గట్టు పక్కన కూర్చుని తింటే ఆ వాసనకి దప్పళం ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది.

ఒక్క జవాబు మాత్రం మమ్మల్ని నిజంగా ఆలోచనలో పడేసింది. గ్రూపులో ఒక చెల్లెమ్మ రాసింది: "మా ఇంట్లో సంవత్సరానికి ఒకే ఒక్క ప్రయాణం, అది సంఘం బస్సే. మీలాంటి వాళ్లు విడిగా బండి కట్టుకుని ఎప్పుడైనా పోగలరు. బస్సు ఆపేస్తే మా పిల్లలు ఎప్పుడు చూస్తారు?" దానికి మా దగ్గర తేలిగ్గా చెప్పే సమాధానం లేదు. మగ్గం మీద బతికే ఇళ్లున్నాయి, కొట్లలో జీతానికి పనిచేసే ఇళ్లున్నాయి. తొంభై మంది బస్సులో తలకు పడే ఖర్చు, పన్నెండు మంది జీపులో పడే ఖర్చు ఒకటి కాదు. ఆ చెల్లెమ్మ పోస్టు చూశాక మాలో ఒకరు "అయితే బస్సే పోనివ్వండి" అని కూడా అన్నారు. రెండు రోజులు కూర్చుని లెక్క వేశాం. జనరేటరు, సౌండ్ బాక్సులు, రెండు రోజుల వంటవాళ్ల కూలి, బహుమతులు, రెండు బస్సుల అద్దె, ఇవన్నీ తీసేస్తే మిగిలేది తక్కువేం కాదు. అది సిమిలిపాల్ వెళ్లే పిల్లల టికెట్లకి పెడదాం. మొదటి బ్యాచ్‌లో ఎవరు వెళ్లాలో చీటీలు తీద్దాం, సొంత బండి ఉన్న ఇళ్లవాళ్లు చీటీలో పేరు వేయకూడదు. మేము ఏడుగురం వేయం.

ఇదీ మా ప్రతిపాదన. వనభోజనాలు వేరు, సిమిలిపాల్ వేరు. వనభోజనాలు ఇక్కడే తోటలో, కార్తికంలో ఒక ఆదివారం, తొంభై కాదు రెండు వందల మంది రండి, నడవలేని పెద్దవాళ్లు కూడా ఆటోలో వచ్చి తిని పోవచ్చు. మెనూలో ఒక్క ఐటమ్ కూడా తగ్గించొద్దు. హౌసీ కూడా ఆడుకోండి.

సిమిలిపాల్‌కి డిసెంబరులో, పన్నెండు మంది చొప్పున. ఇక్కడ రాత్రి రైలెక్కి బాలేశ్వర్‌లో దిగితే బారిపద సుమారు 60 కిలోమీటర్లు. గది, బండి, అనుమతి అన్నీ అటవీశాఖ ఆన్‌లైన్ బుకింగులో, సంఘం పేరున, ఏ తెలిసినాయనకీ ఫోన్ చేయకుండా. దొరికితే వెళ్తాం, దొరక్కపోతే తర్వాతి వారం. జామువాణిలోనో గుడ్‌గుడియాలోనో రెండు రాత్రులు ఉందాం. అక్కడి శిబిరాలు నడిపేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లు వండింది తిందాం, వాళ్లకు తోచిన వేళకి తిందాం. సాల్ ఆకుల విస్తర్లు అక్కడే కుడతారు, మన థర్మోకోల్ బరంపురం దాటకూడదు. వెళ్లే ముందు అందరూ డాక్టరుకి చూపించుకుని మలేరియా మందుల సంగతి అడగాలి. ఇది చిన్న విషయం కాదు, సిమిలిపాల్ మలేరియాకి పేరుపడ్డ చోటు, పంతులుగారి కథ మళ్లీ చెప్పక్కర్లేదు. బరేహిపాని జలపాతం చూద్దాం. జశిపూర్లో ఖైరీ కథ పిల్లలకి చెబుదాం, 1974లో ఖడియాలు తెచ్చి ఇచ్చిన పులికూనని ఇంట్లో పెంచిన అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి కథ. పులి కనిపించకపోయినా ఆ కథ చాలు వాళ్లకి.

వెళ్లేవాళ్లలో ఇద్దరైనా ముందుగా నాలుగు సంతాలీ మాటలు నేర్చుకోవాలని మా పట్టు. "నీళ్లు ఎక్కడ తీసుకోవచ్చు", "ఇక్కడ కూర్చోవచ్చా", "మేము ఏమైనా తప్పు చేస్తున్నామా". నవ్వకండి. బరంపురంలోనే సంతాలీ మాట్లాడే విద్యార్థులు హాస్టళ్లలో ఉంటారు. పిలిచి భోజనం పెట్టి అడిగితే నేర్పుతారు.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది ఇంకొకటి ఉంది. ఇది ఒప్పుకుంటేనే మిగతా వాటి గురించి మాట్లాడతాం. ఈ నెలలోనే మనలో ఐదుగురు మహేంద్రగిరి అడుగుకి వెళ్లాలి. బస్సులో కాదు. బానర్ లేకుండా, ఫోటోగ్రాఫరు లేకుండా, దుప్పట్లు పంచే కార్యక్రమం లేకుండా. కోయిన్‌పూర్ కుర్రాడిని మాలో ఒకరు ఫోన్ చేసి అడిగారు, వస్తానన్నాడు. ఆ ఊరు వెతికి, ఆవిడ కనిపిస్తే ఆవిడకి, కనిపించకపోతే ఊరి పెద్దలకి, గుండిగలు తోమింది మేమేనని చెప్పాలి. చెలమ ఎలా ఉందో చూడాలి. పూడిక తీయాలంటే తీసి రావాలి, లేదా వాళ్లు ఏం చేయమంటే అది. మా ఏడుగురిలో ముగ్గురం సిద్ధం. ఇద్దరు కావాలి. అధ్యక్షులవారు వస్తే సంతోషిస్తాం, వారు మాకంటే పెద్దవారు, వారి మాటకి బరువుంటుంది.

సమావేశం ఆదివారం సాయంత్రం ఐదింటికి, మామూలు చోటే. బస్సులకి అడ్వాన్సు శనివారం లోపు కట్టేస్తామని గ్రూపులో పెట్టారు. కోశాధికారిగారూ, ఒక్కరోజు ఆగండి. అడ్వాన్సు కట్టకండి.